ఎవరూ తిప్పని చక్రం

మా నడిగది దూలానికి రెండు ఇనుప కొక్కాలు ఉండేవి. ఊయల కోసం కొట్టించినవి. మా ఇంటాయన, మా బావగారు, వాళ్ళ నాయన, అందరూ వాటి కింద ఊగి పెరిగినవాళ్ళే. నా బిడ్డ పోయిన తర్వాత ఊయల విప్పి అటక మీద పడేశారు గానీ కొక్కాలు అట్లాగే ఉండిపోయాయి. ఒక రోజు నేను బావి దగ్గర నుంచి లోపలికి వచ్చేసరికి మా ఆయన స్టూలు ఎక్కి, ఆ కొక్కాలకు ఇనుప కడ్డీలు తగిలించి, వాటి మధ్య ఒక చెక్క చక్రాన్ని వేలాడదీస్తున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత ఇంట్లో ఇంకెక్కడా చోటు దొరకలేదా అని అడిగాను. ఇంత బరువు మోసేవి ఇవి రెండే ఉన్నాయని, చాలా మామూలుగా చెప్పారు.

ఇది యాభైల నాటి మాట. మాది పాతబస్తీలో శాలిబండ దిగువన ఒక గల్లీ. గల్లీ మొదట్లో ఒక చిన్న గుడి, దాని సేవ మా అత్తవారి వంశానిది. మామగారు పోయాక పూజకు ఇంకెవరినో పెట్టారు గానీ, గుడిలోని అఖండ దీపం మాత్రం మా అత్తమ్మ చేతిలోనే ఉండేది. మా ఆయన దఫ్తరులో గుమాస్తా. ఆయన అన్న, అంటే మా బావగారు, బడిలో సైన్సు పంతులు. పక్క గల్లీలో వేరే కాపురం. ఆదివారం పొద్దున్నే వచ్చి మా అరుగు మీద కూర్చుంటే మధ్యాహ్నం భోజనాల దాకా లేచేవారు కాదు.

బిడ్డ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, లేకపోతే తక్కినదేదీ అర్థం కాదు. అప్పుడప్పుడే పళ్ళు వస్తున్న పిల్ల. గొంతు మూసుకుపోయే జ్వరం వచ్చింది. దవాఖానాకు తీసుకుపోయేసరికి ఆలస్యమైపోయింది. పేరు పెట్టుకున్నాం, ఆ పేరు ఇక్కడ రాయను. అంత చిన్నపిల్లల్ని మావాళ్ళు కాల్చరు, పూడుస్తారు. ఆడవాళ్ళు వెంట వెళ్ళరు. బావగారు ఆ వారం పరీక్షల పనిమీద వరంగల్ వెళ్ళి ఉన్నారు. మా ఆయన ఒక్కరే బిడ్డను తువ్వాలలో చుట్టుకొని, పార పట్టుకున్న ఒక మనిషిని వెంటబెట్టుకొని వెళ్ళారు. తిరిగొచ్చి బావి దగ్గర తలమీద నీళ్ళు పోసుకున్నారు. ఏడవలేదు. ఎక్కడ పెట్టి వచ్చారని అడిగితే, ఫలక్‌నుమా అవతల అన్నారు. అవతల అంటే ఎక్కడ అని అడిగాను. మర్నాడు అడిగాను. ఆ తర్వాతా అడిగాను. అడిగినప్పుడల్లా లేచి వెళ్ళిపోయేవారు. నా బిడ్డ ఎక్కడుందో తెలుసుకునే హక్కు కూడా నాకు లేదా అని ఏడ్చి, తిట్టి, అన్నం మానేసి చూశాను. నేను మానేస్తే ఏం లాభం, ఆయన నాకంటే ముందే మానేశారు. ముద్ద కలిపి, అట్లా చూస్తూ కూర్చొని, చెయ్యి కడుక్కొని లేచిపోయేవారు.

అట్లాంటి మనిషి చక్రం పని పెట్టుకున్నాక మారిపోయారు. పెద్ద తాంబాళమంత చక్రం. లోపల ఏటవాలుగా అరలు, ఒక్కొక్క అరలో సైకిలు షాపు నుంచి తెచ్చిన ఇనుప గుండ్లు. చక్రం తిరుగుతుంటే ఒక పక్క గుండ్లు అంచుకు దొర్లుతాయట, రెండో పక్కవి నడుమకు దొర్లుతాయట. అంచుకు వచ్చిన పక్క ఎప్పుడూ బరువెక్కువ కాబట్టి ఆ పక్క ఎప్పుడూ కిందికి దిగుతూనే ఉంటుందట. ఒకసారి కదిలిస్తే చాలు, ఇక ఎవరూ తిప్పనక్కర్లేదు. బొగ్గు వద్దు, ఎద్దు వద్దు, కరెంటు వద్దు. పిండిమర ఆడించొచ్చు, బావి నీళ్ళు తోడొచ్చు, దీపాలు వెలిగించొచ్చు. ఇదంతా చెప్పేటప్పుడు ఆయన కళ్ళలోకి చూడాలంటే నాకు భయం వేసేది. పిండిమర గురించి మాట్లాడుతున్న కళ్ళు కావు అవి.

ఆ చప్పుడు గురించి ఏం చెప్పను. గుండ్లు దొర్లడం, ఆగడం, మళ్ళీ దొర్లడం. దాని మీద కొక్కాల కిర్రుమనే శబ్దం, అది నాకు బాగా తెలిసిన శబ్దం. బియ్యం ఏరుతూ ఏరుతూ, బిడ్డ లేచినట్టుందని సగం లేచి, మళ్ళీ కూర్చున్న సందర్భాలు ఎన్నో. ఆ గదిలో నుంచి నడవడమే మానేశాను. వంటింట్లో నుంచి వాకిట్లోకి రావాలంటే పెరటి వైపుగా ఇల్లంతా చుట్టి వచ్చేదాన్ని. వానలో కూడా అట్లాగే తడుస్తూ వచ్చేదాన్ని. ఎవరేమనుకుంటే నాకేం.

పొద్దున దఫ్తరుకు పోయేముందు ఆయన చక్రాన్ని కదిలించి వెళ్ళేవారు. మొదట్లో సాయంత్రం వచ్చేసరికి అది నిలబడి ఉండేది. మొహం మాడ్చుకొని దింపి, ఆకురాయితో గీకి, నూనె రాసి మళ్ళీ ఎక్కించేవారు. ఆ తర్వాత ఒక సాయంత్రం ఆయన వచ్చేసరికి చక్రం తిరుగుతూ ఉంది. చెప్పులు కూడా విప్పకుండా దాని ముందు నిలబడి నవ్వారు. బిడ్డ పోయాక ఆయన నవ్వడం అదే మొదలు. ఆ పూట రెండోసారి అన్నం వడ్డించుకున్నారు. మా అత్తమ్మ వడ్డిస్తూ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. మర్నాడూ తిరిగింది. ఆ మర్నాడూ అంతే. చీకటి పడ్డాక చప్పుడుకు ఎవరూ నిద్రపోలేరని ఆయనే తాడుతో కట్టి ఆపేవారు, తెల్లవారాక విప్పేవారు.

ఇక గల్లీలో మస్తు లొల్లి. చూడ్డానికి వచ్చేవాళ్ళు, చేతులు జోడించేవాళ్ళు, గాజుల దుకాణం సాయబు ఒకాయన అయితే తన కొలిమికి ఇట్లాంటిదొకటి చేసిపెట్టమని మాట కూడా తీసుకున్నాడు. ఇరానీ హోటల్లో రెండు జట్లు తేలాయి, అవుతుందనేవాళ్ళు, కాదనేవాళ్ళు. కాదనేవాళ్ళ పెద్ద మా బావగారు. ఆయన చదువు, పాఠం చెప్పడం అన్నీ ఉర్దూలోనే జరిగాయి కాబట్టి శక్తి అనడానికి తవానాయి అనేవారు. ఈ లోకంలో తవానాయి పెరగదు, తరగదు, వేషం మాత్రం మారుస్తుంది. ఇచ్చినంతే తీసుకోగలం, అదీ పూర్తిగా రాదు, రాపిడి కొంత తినేస్తుంది. ఊరికే వచ్చేది ఏదీ లేదు. ఇదీ ఆయన వాదం. మా ఆయన ఊరుకునేవారా, సూర్యుడికి నూనె ఎవరు పోస్తున్నారు, భూమిని ఎవరు తోస్తున్నారు అని అడిగేవారు. సూర్యుడు కూడా తరుగుతున్నాడు, భూమి కూడా నెమ్మదిస్తోంది, మనకు కనబడదు అంతే అని బావగారు. ఆ మాట విన్న రోజు మా ఆయన అరుగు మీద నుంచి లేచి ఆకాశం వైపు చాలాసేపు చూస్తూ నిలబడ్డారు.

ఒక ఆదివారం మాట మాట పెరిగింది. నేను తలుపు చాటున చాయ్ గ్లాసులు పట్టుకొని నిలబడి ఉన్నాను.

"సూర్యుడు దూరం, అన్నా. గుండె సంగతి చెప్పు. గుండెను ఎవరు తిప్పుతున్నరు?" అన్నారు మా ఆయన.

"అన్నం తిప్పుతది తమ్మీ. అన్నం బందయితే అదీ బందయితది."

బిడ్డ ఆఖరున పాలు కూడా మింగలేకపోయింది. ఆ సంగతి బావగారికి అప్పుడు తట్టలేదని ఆయన మొహం చూస్తేనే తెలిసింది, తట్టేసరికి మాట దాటిపోయింది. మా ఆయన మెల్లగా, "ఆగినంక ఏడికి పోతది మరి?" అని అడిగారు.

బావగారు తలవంచుకొని, పాఠం అప్పజెప్పినట్టు, "వేడి అయితది. గాలిల కలుస్తది" అన్నారు.

ఒళ్ళు కాలిపోతున్న పిల్లను ఒడిలో పెట్టుకొని కూర్చున్నదాన్ని నేను. ఆ వేడి నా చీర మీదికి, నా చేతుల మీదికి వచ్చింది, ఆ తర్వాత చల్లబడింది. అది ఏ గాలిలో కలిసిందో చెప్పమనండి చూద్దాం ఈ పంతులుగారిని. చాయ్ అక్కడే నేలమీద పెట్టేసి లోపలికి పోయాను. వాళ్ళే తెచ్చుకొని తాగారో లేదో కూడా తెలియదు.

అయితే బావగారు ఒకటి కనిపెట్టారు. ఆదివారాలు మా ఆయన చక్రం ముందు కూర్చొని చూస్తుంటే అది కాసేపు తిరిగి నెమ్మదించి ఆగేది. ఎక్కడో రాసుకుంటోందని ఆయన మళ్ళీ గీకడానికి దింపేవారు. సోమవారం మళ్ళీ పొద్దస్తమానం తిరిగేది. నువ్వు చూస్తే ఆగుతుంది, చూడకపోతే తిరుగుతుంది, ఇదెక్కడి చక్రమని బావగారు నవ్వి, పందెం పెట్టారు. గదికి ఉన్న రెండు తలుపులకూ తాళాలు వేద్దాం, పొద్దున కదిలించి వేసి, సాయంత్రం దీపాల వేళకు తీద్దాం. తిరుగుతూ ఉంటే కాలేజీ నుంచి తనకు తెలిసిన లెక్చరర్లందరినీ తానే వెంటబెట్టుకొస్తానన్నారు. మా ఆయన వెంటనే సరేనన్నారు. మొహంలో ఫికర్ అన్నది లేదు.

నేనూ ఊరుకోలేదు. ఆ పూట ఆయన భోజనానికి కూర్చున్నప్పుడు ఎదురుగా నిలబడి నా పందెం నేను పెట్టాను.

"చక్రం ఆగిపోతే నన్ను బిడ్డ దగ్గరికి తోల్కపోవాలె. మాటియ్యిండ్రి."

ఆయన ముద్ద నోటి దగ్గర ఆపి నన్ను చూశారు. అది ఆగదు అన్నారు. ఆగితే అన్నాను. సరే అన్నారు. ముద్ద నోట్లో పెట్టుకున్నారు. ఆ చక్రం ఆగిపోవాలని నేను గుడికి వెళ్ళి మొక్కుకున్నాను. అది తిరగబట్టే ఆయన నాలుగు మెతుకులు తింటున్నారని నాకు తెలియక కాదు. తెలిసే మొక్కుకున్నాను. నాకు నా బిడ్డ కావాలి, కనీసం ఆ మట్టి కావాలి.

ఏదో సెలవు రోజు పొద్దున తాళాలు వేశారు. అప్పటిదాకా తాళం సంగతి ఎవరూ మా అత్తమ్మకు చెప్పలేదు. గుడిలో దీపం చూసుకొని వచ్చి, తలుపు దగ్గర బావగారు తాళం పట్టుకొని నిలబడటం చూసింది. లోపల ఎవరుంటారని అడిగింది. ఎవరూ ఉండరమ్మా, అదే కదా దీని ఇకమతు, కిటుకంతా అదే అని మా ఆయన నవ్వారు. ఆమె మొహం వెలవెలపోయింది. ఎవరూ లేకపోతే ఎట్లా అని మళ్ళీ అడిగింది. చాదస్తం అనుకున్నారు అన్నదమ్ములిద్దరూ, నేను కూడా అదే అనుకున్నాను. మా ఆయన చక్రాన్ని కదిలించి బయటికి వచ్చారు. ఆయన వెనక్కి తిరగగానే బావగారు లోపలికి చెయ్యి చాపి దాన్ని ఇంకొకసారి, బలంకొద్దీ తోసి, అప్పుడు తలుపు మూయడం నేను కళ్ళారా చూశాను. గెలవాల్సిన మనిషి చేసే పనేనా అది. తమ్ముడి మీద అంత ప్రేమ ఉన్నవాడు ఇన్నాళ్ళూ ఎందుకు వాదించాడో నాకు ఇప్పటికీ బోధపడదు.

వంటింట్లో బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను. గోడ అవతల గుండ్లు దొర్లుతూనే ఉన్నాయి. అన్నం ఉడుకు పట్టేసరికి దొర్లడానికీ దొర్లడానికీ మధ్య ఎడం పెరిగింది. గంజి వార్చేటప్పుడు ఒక గుండు దొర్లింది. ఇంకొకటి దొర్లుతుందని గిన్నె పట్టుకొని నిలబడ్డాను. దొర్లలేదు. నేను మొక్కుకున్నదే జరిగింది కదా, మరి నాకు సంతోషం కలగాలి. బిడ్డ ఊపిరి కూడా ఇట్లాగే, ఒకటి వచ్చాక ఇంకొకటి వస్తుందని ఎదురు చూస్తూ కూర్చున్నాం ఆ రోజు.

బయటికి వచ్చేసరికి అందరూ వినేశారని తెలిసింది. అత్తమ్మ తలుపుకు ఆనుకొని కూర్చొని ఉంది. తాళం తీయి కొడుకా అని బావగారిని బతిమాలుతోంది. బావగారు తాళంచెవి జేబులో నుంచి తీశారు కూడా. మా ఆయన ఒప్పుకోలేదు. దీపాల వేళకు అన్నాం కాబట్టి దీపాల వేళకే తీయాలన్నారు. అరుగు మీద గోడకు ఆనుకొని, ఆ చప్పుడు లేని గదికి కాపలా ఉన్నట్టు పొద్దంతా కూర్చున్నారు. భోజనానికి పిలిస్తే రాలేదు. గల్లీలో నుంచి ఎవరో వచ్చి ఏమైందని అడిగితే, ఇంకా చూడాలె భాయ్ అన్నారు.

దీపాల వేళకు తాళం తీశారు. చక్రం నిలబడి ఉంది. నిలబడే ఉంటుందని అందరికీ తెలుసు, అయినా గడప దగ్గర అందరం ఆగిపోయాం. అత్తమ్మ ఒక్కతే, ఎవరినీ పట్టించుకోకుండా తిన్నగా లోపలికి పోయి, దేవుడి గడపకు దండం పెట్టినంత అలవాటుగా అరచేతితో చక్రాన్ని ఒక్క తోపు తోసింది. గుండ్లు దొర్లాయి. వెనక్కి తిరిగి చూసేసరికి మేమంతా ఆమెనే చూస్తున్నాం.

"అమ్మా, రోజూ నువ్వే తిప్పుతున్నవా?" అన్నారు మా ఆయన.

ఆమెకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. నేను బాగా గుర్తుపెట్టుకున్నాను, ఆమె మొహంలో దొంగతనం లేదు, భయం లేదు. "మరి తిప్పకుంటే ఎట్లరా? దీపం కొండెక్కుతుంటే చూసుకుంట ఊకుంటమా? వత్తి ఎగదోస్తం, నూనె పోస్తం. గిదీ గంతే గద" అంది.

బావగారు గోడ వైపు తిరిగారు. గుడిలో ఎన్నో తరాలుగా ఆరని దీపం అంటే ఆ ఇంట్లో అదే అర్థం. దాని పక్క నుంచి వెళ్ళేవాళ్ళెవరైనా ఒక చుక్క పోసి వెళ్ళాలి, పోసినట్టు ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆరిపోయిందన్న మాట నోట రాకూడదు. ఆగని చక్రం అని కొడుకు చెప్పాడు, సరే ఆగనివ్వకూడదు కాబోలనుకుంది. గుడికి పోతూ, వస్తూ, పప్పు ఎండబెడుతూ, ఎత్తుతూ, పొద్దంతా అందరి ముందే తిప్పింది. చూడ్డానికి వచ్చినవాళ్ళ ముందు కూడా తిప్పిందట. కొడుకు దాని ముందు కూర్చున్న ఆదివారాలు మాత్రం, చూసుకునే మనిషి ఉన్నాడు కదా అని ఊరుకుందట. ముసలామె చెయ్యి ఎవరికీ కనబడలేదు. నేను ఆ గదిలోకి అడుగు పెట్టేదాన్నే కాదు.

మా ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. చక్రం తిరిగి తిరిగి నెమ్మదించేదాకా చూశారు. అది ఆగబోతుంటే అత్తమ్మ చెయ్యి మళ్ళీ ముందుకు పోయింది. ఆయన ఆ చెయ్యి పట్టుకున్నారు.

"ఇడువు కొడుకా," అంది ఆమె. "గిది తిరిగినన్ని దినాలు నువ్వు అన్నం తిన్నవు. నేను గంతే చూసిన."

ఆయన ఆమె చెయ్యి పట్టుకొని అట్లాగే నేలమీద కూలబడి ఏడ్చారు. బిడ్డ పేరు పెట్టి ఏడ్చారు. బావగారు పంచె కొంగు నోట్లో కుక్కుకొని వాకిట్లోకి వెళ్ళిపోయారు. నాకు ఆయన మీద ఉన్న కోపమంతా ఏమైపోయిందో తెలియదు గానీ, ఆయన పక్కన కూర్చోవాలని మాత్రం అనిపించింది. కూర్చున్నాను.

మర్నాడు ఆయన దఫ్తరుకు పోలేదు. నేను అడగకముందే చెప్పులు వేసుకున్నారు. అత్తమ్మ ఒక చిన్న చెంబులో పాలు పోసి నా చేతికిచ్చింది. ఫలక్‌నుమా దాకా టాంగాలో పోయి, అక్కడ నుంచి రైలు పట్టాలు దాటి నడిచాం. అన్నీ రాళ్ళు, తంగేడు పొదలు, ముళ్ళ కంపలు. మనుషుల జాడ లేదు. ఆయన ముందు గబగబా నడిచారు, తర్వాత నెమ్మదించారు, ఒక బండరాయి దగ్గర ఆగారు. ఇక్కడనే అన్నారు. నేను వంగి మట్టి మీద చెయ్యి పెట్టాను. అంత గట్టి నేలను ఎవరూ ఎన్నడూ తవ్వినట్టు లేదు. తలెత్తి చూస్తే ఆయన అప్పటికే అవతలి బండ దగ్గర నిలబడి ఉన్నారు. అక్కడ ఒక తంగేడు చెట్టు ఉండాలట. అన్ని చోట్లా తంగేడు చెట్లే ఉన్నాయి.

అప్పుడు చెప్పారు, నా వైపు చూడకుండా. "మట్టి కప్పినంక ఎనుకకు తిరిగి చూడొద్దన్నడు ఆ పార మనిషి. చూస్తే బిడ్డ ఎంట వస్తదన్నడు. నేను చూడలే."

నేను అడిగినప్పుడల్లా ఆయన ఎందుకు లేచి వెళ్ళిపోయారో అప్పుడు తెలిసింది. మొదటి బండ దగ్గర కొన్ని పాలు పోశాను. రెండో దాని దగ్గర కొన్ని పోశాను. ఆయన ఇంకాస్త ముందుకు పోయి, కాదు, ఇక్కడ కావచ్చు అన్నారు. అక్కడా పోశాను. చెంబులో పాలు అయిపోయాయి. ఆయన ఇంకా చోట్లు చూపిస్తూనే ఉన్నారు.